గసడదవాదేశం

మార్చి ముప్పై ఒకటిన నేను ఉద్యోగంలో ఉండను.
ఏప్రిల్ ఒకటిన మళ్ళీ ఉంటాను,
ఆర్డరొస్తే.
వరసగా ఉంటే, ఉన్నట్టు లెక్కకొస్తుందట.
అందుకని హాజరుపట్టీలో ఒక గడి మీద
అటెండరు మరియబాబు స్కేలు పెట్టి ఎర్రగీత గీస్తాడు.
పాపం, చాలా శుభ్రంగా గీస్తాడు.
ఇది పదిహేడోది.

ఆ ఒక్కరోజూ మా బావమరిది కొట్లో పద్దులు రాయడానికి
గుంటూరు మిర్చియార్డుకి పోతాను.
ఎనిమిది వందలు, మధ్యాన్నం భోజనం.
తుమ్ములు ఉచితం.

వారధి దగ్గర బస్సెక్కితే
కండక్టరు కోటిలింగం అడక్కుండానే
యూనివర్సిటీకి కొట్టబోయాడు.
“ఇవాళ గుంటూరుకండీ” అన్నాను,
ఏదో తప్పుచేసి దొరికినవాడిలా.
సంచిలో ఇంకా దిద్దని ఇంటర్నల్ పేపర్లు.
నిన్నటితో నా గడువైపోయింది గానీ
వాటి గడువు సోమవారం దాకా ఉంది.

మంగళగిరిలో ఎక్కింది నాగవర్ధని, రెండో సంవత్సరం,
పరీక్షకి పోతోంది.
మా ఇద్దరి మధ్యా ఎవరిదో ఉల్లిపాయల మూట.
“సార్, ఆగమానికీ ఆదేశానికీ తేడా మళ్ళీ మర్చిపోయా.”
ఇవాళ నేను చెబితే అది చెప్పినట్టు కాదు.
చెప్పాను.

ఆగమం స్నేహితుడమ్మా.
కాస్త జరగమని పక్కన కూచుంటుంది.
నిలువుకీ అద్దానికీ మధ్య ఒక ట వచ్చి చేరితే
ఎవరికీ నష్టం లేదు, నిలువుటద్దం.
ఆదేశం అలా కాదు, శత్రువు.
కుర్చీలో ఉన్నదాన్ని లేపేసి
ఆ కుర్చీలోనే కూచుంటుంది.
కాగితం లేక, టికెట్టు వెనక రాసి చూపించాను:
వాడు + పోయె = వాడువోయె.

టికెట్టుని కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూసింది.
“మరి ప ఏమైనట్టు సార్?”

పదిహేడేళ్ళలో ఎవరూ అడగలేదు.
కెమిస్ట్రీ ఖాదర్‌వలీ గుర్తొచ్చాడు.
జాబితాలో పేరు లేదని తెలిశాక కూడా
రెండ్రోజులు వచ్చి స్టాఫ్‌రూములో కూచున్నాడు.
మూడోరోజు అతని బీరువాకి కొత్త తాళం.
తెనాలిలో ట్యూషన్లంటారు, కాదంటారు.
“అది పరీక్షకి అక్కర్లేదమ్మా” అన్నాను.

కాజ టోల్‌గేటు దాటి
యూనివర్సిటీ గేటు ముందు బస్సాగింది.
నా కాళ్ళు మెట్లవైపు రెండడుగులేశాయి,
వెనక్కి తెచ్చుకున్నాను.
నాగవర్ధని దిగి పరుగెత్తింది,
గుప్పిట్లో నా టికెట్టుతో.

పెదకాకాని దగ్గర చెకింగు వాళ్ళెక్కారు.
జేబులు చూశాను. సంచి చూశాను.
ఒక్కో జవాబుపత్రం విప్పి దులిపాను.
ఎక్కడ ఎక్కావు, ఎప్పట్నించి ఉన్నావు, రుజువేదీ?
బస్సంతా నా వంక తిరిగింది.

కోటిలింగం జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.
“టికెట్టు నేనే కొట్టాను సార్.
ఈయన ఇవాళ ఎక్కినాయన కాదు.
నేనీ రూటుకొచ్చిన కాడ్నించీ ఇందులోనే ఉన్నాడు.
ఒక్కరోజు నాగా లేదు.”

చెకింగాయన నన్నొకసారి ఎగాదిగా చూసి
వెనక సీట్ల వైపు వెళ్ళాడు.
గుంటూరు ఇంకా రాలేదు.
కిటికీలోంచి అప్పుడే మిరపఘాటు తగిలినట్టుంది,
నాకు తుమ్మొచ్చింది.