అరవై మూడో వరుస

తిరుపతి నుంచి భాకరాపేట ఘాటెక్కి
పంచాయతీ ఆఫీసు ముందు స్కూటరు నిలిపేసరికి పదకొండైంది.
సంచిలో నలభై ప్రశ్నలు.
ముప్పై ఏడోది:
విధానం వల్ల మౌలికమైన మార్పు వచ్చిందా?
అవును. కాదు. కొంతవరకు.
ఏదో ఒకదానికి టిక్కు పెట్టాలి.

బీరువా తాళం గుమాస్తా దగ్గర,
గుమాస్తా పీలేరులో.
మూడు దాటాక దొరికింది
ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు. నీలం అట్ట.
చివరి సంతకం ఎనిమిదేళ్ల కిందటిది.
ఎర్రచందనం, తెల్లకరక, జాలారి, పేరిత,
బంగారు బల్లి, నన్నారి వేరు...
అరవై రెండు పేర్లు, ముత్యాల్లాంటి రాత.
సమాచారమిచ్చిన వారు: స్థానికులు.

ఆ స్థానికులు చెంగమ్మ.
యానాది కాలనీలో, చాటలో ఈతపండ్లు ఏరుతూ తలెత్తింది.
"మళ్లీ వొచ్చినారా సామీ?
పేర్లన్నీ అప్పుడే చెప్పేస్తినే."

లోపలికెళ్లి ప్లాస్టిక్ కవరు తెచ్చింది.
రేషను కార్డు వెనక మడతపెట్టిన రసీదు:
నన్నారి వేర్లు తవ్వినందుకు
కొడుకు కట్టిన జరిమానా, రెండు వేలు.
దాని మీద మూడు సింహాలు.
నా చేతిలోని నీలం అట్ట మీదా అవే మూడు.

"పేరు చెప్పమనిందీ సర్కారే,
పెరికినాడని పట్టుకునిందీ సర్కారే.
ఇద్దురూ ఒగ ఆఫీసులో కూచోరా సామీ?"

కూచోరు. నాకు తెలుసు.
కొర్రా సామా కాపాడమని ఒక కాగితం,
అదే చేలో తోతాపురి నాటితే ఎకరాకింత అని ఇంకో కాగితం.
రెండోదాని వెంట డబ్బొచ్చింది.
కొండ అంచుదాకా ఇప్పుడు ఒకటే మామిడి.
గుజ్జు ఫ్యాక్టరీ ధర దించిన వారం
దామలచెరువు రోడ్డు వారన ట్రాక్టర్లు బోర్లించిన కాయ
పులిసి, ఈగలకు పెళ్లి భోజనమైంది.

అయినా అబద్ధం రాయను.
ఒక సోమవారం, కమిటీలో ఉన్న ఖాజాబీ
తొమ్మిదో పేజీ జిరాక్సు తీయించి
కలెక్టరాఫీసులో అర్జీకి గుచ్చిచ్చింది.
దేవాంగ పిల్లి తిరిగే గుట్ట అని ఉందందులో.
గ్రావెల్ లారీలు రెండేళ్లు రాలేదు.
రెండేళ్లు!
ఆ తర్వాత గుట్టని అవతలి వైపు నుంచి తవ్వారు.
అటు వేరే మండలం,
అక్కడి రిజిస్టరు ఇంకా రాయలేదు.

సగం మిగిలిన గుట్ట
"కొంతవరకు" అనే గడిలో పడుతుందా?

లేచేముందు ఊరికే అడిగాను,
రాయకుండా మిగిలిన పేరేదైనా ఉందా అని.
చెంగమ్మ ఈతగింజ పక్కకు ఉమ్మింది.
"ఒగటుండాది. మాయమ్మ చూపించిన తీగ.
కరువులో దాని గడ్డే మాకు కూడు.
పేరు చెప్పలా.
అందుకే ఇంకా ఆడనే ఉండాది."

ముప్పై ఏడో ప్రశ్నకు టిక్కు పెట్టలేదు.
రిజిస్టరులో మాత్రం అరవై మూడని అంకె వేసి
పక్కన పేరు చోటు ఖాళీగా వదిలేశాను.
వివరాలు అసంపూర్ణమని పైవాళ్లు తిప్పి పంపుతారు,
పంపనీ.

కానీ ఆ అంకె వేయడం కూడా
చాడీ చెప్పడమే కదా అని
ఘాటు దిగేదాకా
అనిపిస్తూనే ఉంది.