గొంగడి సప్పుడు

నచ్చకపోతే నా మీద కోపం జెయ్యకు, ఓదేలూ.
ముందే జెప్తున్న, ఇది పాట లెక్క సురువు గాదు,
ట్రాన్స్‌ఫార్మర్ లెక్క సురువైతది.
ఒక్కటే గుర్రు. ఎంతసేపటికీ అదే గుర్రు.
"టేపు కరాబైందా అక్కా?" అంటవు.
అందరు అంటరు.
వాన్‌ఖడే బాయి ల్యాంపురూముల చెవులు మూసుకొని
"బంద్ కర గ" అని మొత్తుకున్నది,
గని ఆమె కాలివేలు బల్ల కింద ఊగుడు నేను జూసిన.

బల్లార్షా బస్టాండు ఎన్క మా పోశన్న కాకది మైకుసెట్ల దుకాణం.
గోండ్‌పిప్రిల ఒక పెండ్లికి పోతే స్పీకరు పొర చినిగింది.
పేపర్‌మిల్లు అట్టముక్క అతికిచ్చిండు, మైదా లప్పంతోని.
ఆ రాత్రంత సన్నాయి ఎలుగ్గొడ్డు లెక్క ఏడ్సింది.
పెండ్లిపిల్ల తండ్రి సగం పైసలే ఇచ్చిండు.
ఆ ఏడే, సాస్తి గనిల పెద్ద యంత్రం బిగియ్య వచ్చిన దొర ఒకడు
టేపురికార్డరు బాగుచెయ్యమని తెచ్చిండు.
ఎడారిల పుట్టినోడట. అయినా మా మే నెలను ఓర్వలే,
మూడో వారానికే పెట్టె సర్దిండు,
కూలికి బదులు పదకొండు క్యాసెట్లు కాక చేతిల బెట్టి.
ఇంటే, అన్నిట్ల చినిగిన స్పీకరే!
"వీళ్లు కావాల్నని చింపుకుంటరే" అని
సగం పైసల పెండ్లి యాదికొచ్చి
కాక నవ్విండు, దగ్గొచ్చేదాక.

పేర్లు నన్నడగకు. చీటీలను చెద తిన్నది.
మిగిలిన బొమ్మలను బట్టి నేనే పెట్టుకున్న.

మొదలు నారింజరంగుది తీస్కపో.
అన్నిట్ల గొప్పదేం గాదది. తలుపు, అంతే.
పగటి రెండు గంటలకు ఇను, నలభై ఏడు డిగ్రీలప్పుడు.
కూలర్ బంద్ జెయ్యకు, రెండో పాట
కూలర్ శృతిలనే ఉంటది,
ఏది యాడ ఆగిందో తెల్వదు.
మత్తు సంగీతం అంటరు దీన్ని, ఏదో తాగి ఇనాలంటరు.
ఉత్తదే. కుండ నీళ్లు తాగు.
రాజురా తొవ్వల తారు మీద నీళ్లు మెరుస్తయి జూడు,
దగ్గరికి పోతే ఉండయి, ఇంకింత ముందర మెరుస్తయి,
గసొంటి పాట.
దూప తీరదు. నడిపిస్తది.

ఒంటెపుర్రెది ఇప్పుడే ఒద్దు.
అండ్ల ఒక్క పాటే ఇరవై రెండు నిమిషాలు,
తొమ్మిదో నిమిషం దాక డప్పు రాదు.
నైట్‌షిఫ్టు దిగి, వర్ధా వంతెన మీద బస్సుల,
కండ్లల బొగ్గుపొడి కడుక్కోకముందు ఇనాలె.
ముందరికి తిప్పినవో, నాతోని మాట్లాడకు.

గిటారు గరుకుగున్నదంటవు.
మీ తాత గొంగడి కప్పుకున్నవా ఎప్పుడన్న?
ముందుగాల మెడంత గుచ్చుతది.
గుచ్చుడు మరిచేదాక కప్పుకోవాలె.
తర్వాత దుప్పట్లన్ని పల్చగనిపిస్తయి,
సినిమాపాటలు కూడ. దానికి నేను జిమ్మెదారు గాను.

బొమ్మలేని నల్లది ఒకటున్నది.
నడుమ ఒక తాన అంత ఆగుతది, ఊపిరి బిగవట్టినట్టు.
ఒకనాడు సరిగ్గ అప్పుడే గనిల బ్లాస్టింగ్ అయింది,
గూట్ల గిన్నెలు గలగలమన్నయి, అద్దం ఒణికింది,
ఆ ఒణుకు మీదికెల్లే గిటారు మళ్ల లేసింది.
అప్పటిసంది అది లేకపోతే నాకు పాట ఒడువదు.
మొన్న మా బిడ్డ ఫోనుకు ఇనిపిచ్చి దాని పేరు పట్టింది,
సాఫ్‌గ ఇనిపిచ్చింది, కడిగిన గ్లాసు లెక్క.
ఆగే తాన ఉత్త ఆగుడే.
సగంల బంద్ జెయ్యమన్న.
పేరు కూడ జెప్పింది. నేను యాది పెట్టుకోలే.

సరె, నీ బస్సొచ్చింది.
నారింజది ఐతారం దాక. ఎన్కకు చుట్టి ఇయ్యి,
పెన్సిలు సంచిల్నే ఉన్నది.
టేపురికార్డరు మూతకు రబ్బరు బెట్టు,
లేకుంటే మూడో పాటకు అదే తెరుసుకుంటది.