మాటు

మా దీవిలో ఆదివారం నాడు
కోడిపుంజును కూడా బుట్ట కింద మూసేవాళ్ళం.
బావిలో బొక్కెన వేస్తే పాపం, ఈల వేస్తే పాపం.
నవ్వొస్తే మా అమ్మ
తుమ్మును ఆపుకున్నట్టు అరచేత్తో ఆపుకునేది.

సీనా మెక్‌ఫీ మా దీవి మనిషి కాదు.
ఏ దీవి మనిషీ కాదు.
హెర్రింగ్ పడవలు ఒడ్డెక్కాక
గుర్రబ్బండి నిండా తగరపు రేకులతో వచ్చి
అలల పక్కన గుడారం వేసేది.
గిన్నె గడప మీద పెట్టి తలుపేసుకునేవాళ్ళం.
మాటు వేసి తెచ్చిస్తే
కూలి డబ్బులు నేలమీదే.
వంగి ఏరుకునేది.

మాకు ఒకరిళ్ళు ఒకరికి పైకప్పు చూస్తే తెలుసు.
ఆమెకు అడుగులు తెలుసు:
ఎవరి కుండ ఎన్నిసార్లు మాడిందో,
ఎవరి కుండకు శీతాకాలమంతా
మసే అంటలేదో.

ఆ ఏడు చర్చి మానికకు పిడి ఊడింది.
శనివారాల్లో పేదలకు ఓట్ల పిండి కొలిచే మానిక.
సంఘ పెద్ద టార్క్విల్ నా చేతికిచ్చి పంపాడు.
"పిడి వరకే చూడమను."
పిడి అతికింది.
చల్లారాక సీనా దాన్ని వేలి కణుపుతో తట్టింది.
ఒక అడుగున్న గిన్నె ఒక మాట అంటుంది.
అది రెండన్నది.

చాలాసేపు మానికలోకి చూస్తూ కూర్చుంది.
"ఇది మా నాన్న వేసిన మాటు" అంది.
మళ్ళీ కొలిమి ఊదింది.
పై అడుగు ఊడొచ్చింది,
దాని కింద రెండు వేళ్ళ చీకటి,
నేను పుట్టకముందటి పిండి కాస్త, నల్లబడి.
నాతో ఎవరికీ చెప్పొద్దనలేదు. చెప్పమనీ అనలేదు.

శనివారం. వరుసలో పదిహేడు మందిమి.
చర్చి పుస్తకంలో పదిహేడు మానికలని రాసుంది.
టార్క్విల్ కళ్ళు మూసి చాలా పొడుగు ప్రార్థన చేశాడు,
కళ్ళు తెరవకుండానే ముంచాడు.
చెయ్యి ఆగిపోయింది.
ఇరవై ఏళ్ళుగా చేతికి అలవాటైన బరువు కాదది.
అందరూ చూస్తున్నారు, తిరిగి ఒంపలేడు.
ఒక మానిక. ఇంకొకటి.
పదమూడో మనిషి దగ్గర
బస్తా అడుగున గీరిన చప్పుడు.

పదిహేనో చోట గుడ్డి ముసలమ్మ ఓయ్‌రిక్ నిలబడి ఉంది.
చేతిలో ఖాళీ సంచి.
"బస్తా చిక్కిందా నాయనా," అంది,
"మానిక ఒళ్ళు చేసిందా?"
ఎవరూ బదులివ్వలేదు.
గాలికి చర్చి తలుపు కొట్టుకుంటూ ఉంది.

నేను పద్నాలుగోదాన్ని.
ఆ రాత్రి అమ్మ తిట్టింది సీనాను.
టార్క్విల్‌ను కాదు. సీనాను.
"ఎప్పుడూ కొంచెమైనా వచ్చేదిగా" అంటూ
నీళ్ళలో ఉప్పు వేసి మరిగించింది.

మర్నాడు ప్రసంగం పరాయి చేతుల గురించి.
పవిత్రమైన పాత్రలను తాకే చేతులు.
టార్క్విల్ ముందు గొంతెత్తాడు,
వెనక మేమంతా ఒక్కో వరుసా అందుకున్నాం.
మా కీర్తనలు సముద్రం మీదికి పోయేంత బాగుంటాయని
బయటివాళ్ళు అంటారు. నిజమే, బాగుంటాయి.

ఆదివారం గుడారం పీకడం పాపం.
అందుకని సోమవారం దాకా ఆగారు.

గుర్రం కుంటుతూ వెళ్ళడం కిటికీలోంచి చూశాను.
తలుపు తీస్తే గడప అవతల, నేలమీద,
గుండ్రటి తగరపు రేకు. అంచుల్లో పాత మాటు.
వంగి తీసుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఎవరూ మానిక ఊసెత్తలేదు.
బస్తాలు మాత్రం లావెక్కాయి.
టార్క్విల్ దాతృత్వం పెరిగిందని
పాస్టరు గారు రెండుసార్లు మెచ్చుకున్నారు.
మానిక అలాగే ఉండిపోయింది, లోతుగా.
మళ్ళీ ఒక అడుగు వేయించాలంటే
మా దీవిలో ఎవరికీ
మాటు వేయడం రాదు.