కలప బేరం

గోపాల్‌పూర్ పాత జెట్టీ దగ్గర
భైరిశెట్టి మేడ పడగొడతారట.
బరంపురం నుంచి టేపు, పెన్సిలు, చిన్న ఉలి పట్టుకుని
కలపకు ధర కట్టడానికొచ్చాను.

మా పనిలో ఇంటిని పైనుంచి కిందికి చదవాలి.
పెంకు ముందు, పునాది చివర.
ఈ ఇల్లు మాత్రం మెట్ల దగ్గరే పట్టేసుకుంది.
ఎడమవైపే అరిగాయి, గిన్నెల్లా.
కుడిభుజాన బస్తా ఉన్నవాడు
ఎడమచేత్తో గోడ పట్టుకుని దిగుతాడు కదా.
ఆ చేతులదే గోడ మీది నలుపు,
ఎన్నిసార్లు వెల్ల వేసినా
అడుగునుంచి మళ్లీ తేలిన నలుపు.

గుల్లసున్నం, బెల్లపునీళ్లు, కరక్కాయ.
గోరుతో గీకితే ఇప్పటికీ రాలదు.
సముద్రంవైపు గోడకే ఉప్పురోగం,
గజ్జి కుక్క వీపులా పెచ్చులు పెచ్చులు.
నేలమీది నల్లరాయి ఈ ఊరిది కాదు.
ఏ రేవు నుంచో ఖాళీగా వచ్చిన ఓడ
తూలిపోకుండా కడుపులో వేసుకున్న బరువు.
నువ్వులూ తోళ్లూ ఎక్కించుకుని
రాళ్లు ఇసకలో పారేసి పోయేవారట.
శెట్టి పారేసిందేదీ వదిలే మనిషి కాడు.

గోడౌను తలుపు వెనక తారు గీతలు.
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
ఆఖరి వరసలో మూడే.
"జపానోడి బాంబుల ఏడు" అంది కొర్లమ్మ,
వల అల్లుతూ, తల ఎత్తకుండా.
"అందరూ బస్తాలొగ్గేసి పరిగెట్టీసినారు."
ఆ తర్వాత రంగం ఓడ రాలేదు.
నాలుగో గీత ఎవరూ గీయలేదు.

ఇక పైన, హాలు నడుమ, దూలం.
ముప్పై రెండడుగులు, ఒకటే కర్ర.
చదరం కాదు, గుండ్రం. చివరికి పోయేకొద్దీ సన్నం.
నిచ్చెనెక్కి చెయ్యి పెట్టాను.
ఉలి చేసిన గాట్లు కావివి,
తాడు తిరిగి తిరిగి కొరికినవి.

"దూలం కాదు బావూ, ఓడ కొయ్య.
తుపానుకి ఓడ ఇరిగిపోతే
మావోళ్లు పదారుమంది ఈదుకెల్లి లాక్కొచ్చినారు.
మనిసికి అర్ధణా, ఓ కొబ్బరికాయ.
పదైదు కాయలే కర్సయినాయి.
మా ముత్తాత ఇంకా ఒడ్డుకి రానేదు."

చెద లేదు. చీలిక లేదు. మంచి ధరే వేశాను.
ఆమెకు చదువు రాదు, అడిగితే అంకె చదివి చెప్పాను.
వేళ్లమీద ఏదో లెక్క కట్టుకుంది.
"పదారు వాటాలేస్తే తలకెంతొస్తాది?"
నాకు నోరు పెగల్లేదు.
దక్షిణపు గాలి లేచింది.
పైన కొయ్య ఒక్కసారి కిర్రుమంది,
దాని ఒళ్లోకి ఇంకా గాలి వస్తున్నట్టు.

దిగేటప్పుడు నా భుజాన టేపు తప్ప ఏమీ లేదు.
అయినా ఎడమచెయ్యి గోడమీదికి పోయింది.
బస్సులో టిక్కెట్టుకి చిల్లర తీస్తూ చూసుకున్నాను,
అరచేతి నిండా జిడ్డు.