చరరాశి వాంగ్మూలం

బ్ర్నోలో ఫిబ్రవరి.
ట్రామ్ మలుపు తిరిగేటప్పుడు పట్టాలు చేసే రొద
మూడో అంతస్తుదాకా ఎక్కి వస్తుంది.
జ్దిస్లావా కిటికీవైపు చూడదు.
తెరమీద ఒక ప్రోగ్రాము
నలభై ఏడో లైను దగ్గర
ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది.

నిలబెట్టడం ఏముంది,
నిలబెట్టి, నీ గుప్పిట్లో ఏముందో చూపించు అనడమే
డీబగ్గరు బతుకంతా.
'మొత్తం' అనే చరరాశి వేళ్ళు విప్పుతుంది:
పదిహేడు.
పదిహేడేనా? ఎవరు చూశారు?
చూశామన్నవాళ్ళని ఎవరు చూశారు?

అందుకే పరీక్షలు. మూడువేల చిల్లర.
వాటన్నిటి అడుగునా, ఎవరూ తలుపు తియ్యని గదిలో,
గుమాస్తాలాంటి ఒక చిన్న ఫంక్షను.
సాక్షి చెప్పిందీ కాగితంలో ఉన్నదీ పక్కపక్కన పెట్టి
కలిసిందని ముద్ర గుద్దడం దాని ఉద్యోగం.
పదకొండేళ్ళ కిందట ఓత్మార్ రాశాడు దాన్ని.
ఓత్మార్ ఇప్పుడు జ్నోయ్‌మో దగ్గర
తేనెటీగలు పెంచుకుంటున్నాడు.

గుమాస్తా మంచివాడే, మొహమాటం ఎక్కువ.
సాక్షి పదిహేడంటే సరే.
నూట పదిహేడన్నా సరే,
అందులో పదిహేడు వినపడింది కదా అనేవాడు.
సాక్షి అసలు నోరు మెదపకపోతే
అయిదు సెకన్లు ఎదురుచూసి, కాగితం మడిచి
'తేలలేదు' అని రాసుకునేవాడు.
గోడమీద పిల్లి.
ఎటు దూకిందని ఎవరూ అడగలేదు.
పొద్దున్నే అందరూ వచ్చేసరికి తెరంతా పచ్చగా,
నూతినీళ్ళ మీద నాచులా.

ఓస్త్రవా నుంచి ఒకరోజు ఫోను.
వ్లస్తా అట, బాయిలర్లకి ప్రోగ్రాములు రాసే మనిషి.
"మీ డీబగ్గరు నూట పదిహేడని చూపించింది.
ఉన్నది పదిహేడే.
రాత్రంతా నా లెక్కలే తిరగేశాను.
తెల్లారేసరికి
నన్ను నేను నమ్మడం మానేశాను."
కోపంగా అనలేదు. అలిసిపోయిన గొంతుతో
వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది.

ఆ మధ్యాహ్నమే జ్దిస్లావా గది తలుపు తీసింది.

ముక్క వినపడితే చాలదు, మాట మొత్తం కలవాలి.
పెట్టెలో పెట్టె, దాంట్లో ఇంకో పెట్టె ఉంటే
అట్టడుగు పెట్టెదాకా చెయ్యి పోనివ్వాలి.
'కంపైలరు చెరిపేసింది, నా దగ్గర లేదు' అనడం వేరు,
మాట్లాడకపోవడం వేరు.
ఆ రెంటినీ ఒకే గాట కట్టినందుకు
ఓత్మార్‌ని కాసేపు తిట్టుకుంది, చెక్ భాషలో, నెమ్మదిగా.
ఇక తప్పితే ఊరికే తప్పిందనకూడదు:
ఏం అడిగాం, ఏం రావాలనుకున్నాం, ఏం వచ్చింది,
ఏ లైనులో, ఎవరు పిలిస్తే ఎవరు పలికినప్పుడు.
మొత్తం నూట ముప్ఫై లైన్లు.
అందులో సగం పాతవి కొట్టేయడమే.

మర్నాడు రెండువందల పన్నెండు ఎరుపు.
బోర్జివోయ్ కాఫీ కప్పుతో వచ్చి గుమ్మంలోనే ఆగాడు.
"ఏం విరగ్గొట్టావు?"
"ఇవి నిన్నా ఎర్రగానే ఉన్నాయి," అంది.
అతను కప్పులోకి చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

మూడు వారాలు పట్టింది.
వ్లస్తా పదిహేడు రెండోరోజే దొరికింది.
చివరిదాకా లొంగనిది ఒకటుంది:
సాక్షి తొమ్మిది అంటుంది, కాగితం ఎనిమిదంటుంది.
డీబగ్గరుని పొరలు పొరలుగా విప్పి చూసింది.
తప్పు లేదు.
మెమరీలోకి దిగి ఒక్కో బైటూ తడిమింది.
తొమ్మిదే.
అప్పుడు కాగితం ఎవరు రాశారా అని చూస్తే
ఆరేళ్ళ కిందటి తేదీ, తన పేరు.

ఇన్నాళ్ళూ నిజం చెప్పిన సాక్షి నోట
గుమాస్తా తన అబద్ధానికి సరిపడే జవాబు
ఎలా వినగలిగాడో వెతకాలనుకుంది.
వెతకలేదు.
ఎనిమిదిని తొమ్మిది చేసి, కింద కారణం రాసి,
కోటు తొడుక్కుంది.

ఓత్మార్‌కి ఉత్తరం రాసింది, నీ గుమాస్తాని పంపించేశానని.
జవాబుగా ఒక సీసా వచ్చింది, మూతకి మైనం అంటుకుని.
"అప్పుడు మెషీన్లు నిదానం.
అయిదు సెకన్లంటే చాలా ఓపిక అనుకున్నాను."
సీసా మీద అతని చేతిరాత:
తేనె, సుమారు అర కిలో.

సుమారు!
ఆఫీసు వంటగదిలో ఒక్కతే నవ్వుకుంది.
తర్వాత, అలవాటు కొద్దీ,
చిన్న తక్కెడ కోసం సొరుగులు వెతికింది.