పద్నాలుగో నంబరు

ముందు బండి చుట్టూ తిరుగు ఓబులేసూ,
సర్దేది తర్వాత.
ఒక్కో పానా చేతబట్టుకొని
దానికి సరిపడే బోల్టును వెతుక్కుంటా పో.
ఏ బోల్టూ పలకరించని పానా
ఎంత మెరుస్తాన్నా ఇంట్లోనే ఉండనీ.
లంకమల ఎక్కేదానికి పోతాండాం,
పెండ్లికి కాదు.

కడప గుజరీలో నలభై ముక్కల సెట్టు
ప్లాస్టిక్ డబ్బాలో పండ్లు ఇకిలిస్తా ఉంటాది.
నేనూ ఒకసారి మోసపోయినోణ్ణే.
మొదటి బిగువుకే నోరు తెరిచింది పదమూడు.
హుసేనయ్య ఏడాది పొడుగునా
దాని రేటు అడిగి అడిగి నవ్వినాడు.
ఆయన పానాలు నల్లగా ఉండేవి,
అరచేతి చెమట తాగి తాగి
బరువెక్కినట్టు ఉండేవి.

పెట్టె వద్దు. పెట్టె అరుస్తాది.
ప్రతి గుంతకీ, ప్రతి గుండుకీ
లోపలున్నవన్నీ ఒకదాన్నొకటి కరుచుకుంటాయి,
దిగేసరికి మనం చెవిటోళ్ళం.
ఇదో, ఈ గోనెపట్ట చూడు,
మా చిన్నమ్మ మిషను మీద కుట్టిచ్చింది.
పదకొండు జేబులు.
చిన్నవి ఈ కొసన, పెద్దవి ఆ కొసన.
చాప మాదిరి చుట్టి
పాత ట్యూబు కోసిన రబ్బరుతో రెండుచోట్ల బిగించి
సీటు కింద తోస్తే
కొండ దిగేదాకా కిమ్మనదు.

కండ్లు మూసుకో.
చేయి పెట్టు.
ఏ నంబరు?
కాదు. మళ్ళీ.
బ్యాటరీ లైటు చచ్చిపోయేది
సరిగ్గా నట్టు చేతికందినప్పుడే.

బట్టల సబ్బు ఎందుకన్నా అంటివి కదా,
డీజిలు ట్యాంకుకు రాయి తగిలి కారితే తెలుస్తాది.
పాత ఫ్యాను బెల్టు పారేయొద్దు,
కొత్తది తెగినపొద్దు అదే కొత్తది.
కట్టుతీగ, ఆక్సా బ్లేడు సగం ముక్క,
కొబ్బరినూనె సీసాలో గేరు ఆయిలు.
నూనెగుడ్డతో తుడవకుండా చుట్టినావంటే
పెన్న దాటేలోపే తుప్పు మొదలు.

ఆ ఏడో జేబు ఖాళీగా ఉండాదేందని
పొద్దున్నుంచి చూస్తాండావు.
అడగవు.
వేలుపెట్టి తడుముతాండావు.
నూనె మరకలో పానా ఆకారం అట్నే ఉండాది.
పద్నాలుగు అది. రింగు.

పోయిన ఎండాకాలం
బేస్ క్యాంపు వాచర్లకు బియ్యం, నీళ్ళ క్యాన్లు ఎక్కిస్తాంటే
మూడో వంకలో వెనక జాయింటు షాఫ్టు ఊడి
రాళ్ళ మీద రోకలి దొర్లినట్టు ఒకటే మోత.
కిందికి దూరి, మిగిలిన బోల్టులు విప్పి,
షాఫ్టును బియ్యం మూటల పక్కన పండబెట్టి,
ముందు చక్రాల గేరేసి
ఎట్లో బయటికి ఈడ్చుకొచ్చినా.
సిద్ధవటంలో గోనెపట్ట విప్పితే
పన్ను ఊడినట్టు
ఈ సందు.

పది దినాలకు మళ్ళీ పోయినా.
వంకలో లేదు. మోదుగు పొద కింద లేదు.
పైన బండ మీద
మేకల గంగులమ్మ కూర్చోని
మొర్రిగింజలు పగలగొడతాండాది,
పద్నాలుగు రింగుతో.
ఒక్క దెబ్బకు గింజ రెండు, పప్పు నలగకుండా.
"ఇన్నాళ్ళూ రాయితో కొట్టి
సగం పిండి చేసుకుంటి నాయనా" అనె.
అది నాదేనని చెప్పినా.
"నీదా? తీసుకో అయితే"
చెంగుతో తుడిచి ఇచ్చింది,
దోసెడు సారపప్పు కూడా.

పానా ఆమె పక్కనే పెట్టేసినా.
ఎందుకంటే చెప్పలేను.
పప్పు నముల్తా కొండ దిగినా.

ఇంకో పద్నాలుగు కొన్నాలే,
పదకొండో జేబులో ఉండాది, అలవాటు చేసుకో.
ఏడో జేబులో చేయి పెట్టి
పోయిందని మాత్రం అనుకోవాకు.
మూడో వంక దాటినాక
ఎడమ పక్క బండ మీద ఉండాది అది,
మనింట్లో కంటే తుప్పు లేకుండా.

ఊఁ, కండ్లు మూసుకో.
ఏ నంబరు?