గుళ్ళో దొంగలు

చిట్టినగర్ సొరంగం ఇవతల మా కొట్టు.
సిలారయ్య మైకుసెట్టు.
ఏ దేవుడికైనా అద్దె ఒకటే.

నలభై ఏళ్ళు పందిరి వెనకే కూచున్నాను.
భక్తుల మొహాలు నాకు కనపడవు.
యాంప్లిఫయర్ డబ్బాకి ఓ బుల్లి అద్దం,
అద్దం వెనక సూది. దాన్నే చూస్తూ బతికాను.
ఏడిస్తే ఇంత లేస్తుంది.
నవ్వినా అంతే లేస్తుంది.
తేడా పట్టుకోడానికి పదేళ్ళు పట్టింది:
ఏడుపు దాన్ని పైకెత్తి అక్కడే నిలబెడుతుంది,
నవ్వు కొట్టి పారిపోతుంది.

దూదేకులోళ్ళం మేము.
పేరు చెప్పగానే మసీదు మెట్ల మీద ఒకడు నవ్వేవాడు,
గుడి మెట్ల మీద ఇంకొకడు.
"సిలారు ఎటు, అయ్య ఎటు?" అని.
కాబట్టి నవ్వంటే నాకేదో తేనెపట్టు అనుకోకండి.
చెప్పులో దూరిన గులకరాయి కూడా అదే.

పీర్లు లేచిన రాత్రి
ఊరంతా రొమ్ములు బాదుకుంటుంటే
పులివేషం కట్టిన మా మావయ్య తోక ఊడి
గుండంలో పడి చిటపటలాడింది.
ఏడవడానికి తెరిచిన నోళ్ళు తెరిచినట్టే ఉండి
ఒక్క క్షణం వేరే చప్పుడు చేశాయి.
పీరు పట్టుకున్న చేతులు కూడా ఊగాయి.
తెల్లారి ముజావరు ఎవరు నవ్వారని అడిగితే
ఎవరూ నవ్వలేదు.

ఉండవల్లి గుహలో పడుకున్న స్వామిని చూసి
ఓ పిల్ల "ఇంకా లేవలేదా, బడి లేదా?" అంటే
హారతి పళ్ళెం వణికి అయ్యవారి వేలు కాలింది.
పై అంతస్తు రాతిమునులు మాత్రం
ఎప్పుడో ఎవడో వేసిన జోకుకి
ఇన్ని వందల ఏళ్ళుగా పెదాలు బిగబట్టుకునే ఉన్నారు.

అసలు సంగతి ఆ ఎండాకాలంది.
ఒక సందులో నవమి పందిరి, నరహరి దాసు హరికథ.
పక్క సందులో ఏలియా పాస్టరు గారి ఉజ్జీవ కూటం.
రెండూ నా సెట్లే. వైర్లు కలిపినవాడు మా బామ్మర్ది.

పాస్టరు గారు ఆ పూట శారా గురించి చెప్పారు.
ముసల్ది గుడారం చాటున నవ్విందట,
అడిగితే భయమేసి, నవ్వలేదందట.
నవ్వావులే, అన్నాడట ఆయన.
తర్వాత పుట్టిన బిడ్డ పేరే నవ్వట.
సూది కదల్లేదు. ఎవరూ నవ్వలేదు.
"తలలు వంచండి, మీ పాపాలు తలుచుకోండి" అన్నారు.
అంతా నిశ్శబ్దం.

అప్పుడు నా హారన్లోంచి, పక్క సందు గొంతు:
"కిరీటం ఎత్తుకుపోదామని గుళ్ళోకొచ్చిన దొంగ
చెప్పులు బయటే విడిచాడు నాయనా, ఎంతైనా గుడి కదా!
కిరీటం సంకలో పెట్టుకుని బయటికొస్తే
చెప్పుల్లేవు!
పరుగున లోపలికెళ్ళి
స్వామీ స్వామీ, నీ గుళ్ళో దొంగలు పడ్డారు!"

వంచిన తలలు లేవలేదు.
కొంగుల కింద భుజాలు కదలడం మొదలయ్యాయి
ముందు వరసలో, తర్వాత ఆడవాళ్ళ వైపంతా.
కన్నీళ్ళనుకుని పాస్టరు గారు
"స్తోత్రం! స్తోత్రం!" అన్నారు గద్గదంగా.
సూది నాకు అబద్ధం చెప్పదు.
నేను మాట్లాడలేదు.

సంఘ పెద్దలు అద్దెలో ఇరవై కోసేశారు.
నవమి కమిటీ అసలు ఇవ్వనేలేదు,
మా కథ వాళ్ళకెందుకు పంపావని.

మూడో రోజు రాత్రి షట్టరు సగం దించాను.
పాస్టరు గారు సైకిలాపి, అటూ ఇటూ చూసి
"సిలారయ్యా, ఇంతకీ ఆ దొంగకి
చెప్పులు దొరికాయా?"

అదే పొద్దున దాసుగారిని నేనూ అడిగానండీ, అన్నాను.
నశ్యం పీల్చి ఆయనన్న మాట ఇది:
"దొరికితే అది ప్రసంగం అయిపోద్దిరా."

పాస్టరు గారు ఏమీ అనలేదు.
సైకిలు ఎక్కి కాలవ వైపు తిరిగారు.
చూడ్డానికి సూది లేదు.
వీధి దీపం కింద దాటేటప్పుడు
భుజాలు కదలడం మాత్రం కనిపించింది.